బ్యాటరీ బరువు

మోటారుకారు కొన్నవాడు దాని రంగును గురించి మాట్లాడుతాడు, వేగాన్ని గురించి మాట్లాడుతాడు, పెట్రోలు ఖర్చును గురించి మరీ ఎక్కువగా మాట్లాడుతాడు. బానెట్ కింద ఒక మూలను కూర్చున్న బ్యాటరీని గురించి మాత్రం మాట్లాడడు. ఒకనాటి ఉదయం తాళంచెవి తిప్పినప్పుడు ఇంజను పలకక, లోపలినుండి 'టక్'మన్న చిన్న చప్పుడు మాత్రమే వినవచ్చినప్పుడు గాని, అటువంటి వస్తువొకటి ఉన్నదన్న సంగతి అతనికి జ్ఞాపకం రాదు.

ఖరగ్‌పూరులో మలంచ ప్రాంతంలో నివసించే ఒక విశ్రాంత రైల్వే ఫోర్‌మన్ విషయంలో ఈ మాట చెల్లదు. ఆయన 1966లో ఉద్యోగంలో చేరి 2004లో విరమించినాడు. ఆ ముప్పైయెనిమిది సంవత్సరాలూ బ్యాటరీల మధ్యనే గడిచినవి. రైలుపెట్టెలలో దీపాలు, పంకాలు నడిపే శాఖ ఆయనది. పెట్టె అడుగున ఇనుపగూళ్ళలో బ్యాటరీలు వరుసగా ఉంటాయి. బండి నడిచేటప్పుడు ఇరుసునుండి పట్టీతో తిరిగే డైనమో వాటిని నింపుతుంది. బండి ఆగినప్పుడు అవి తాము దాచుకున్నది దీపాలకు ఇస్తాయి. చక్రం ఆగినా దీపం ఆరకపోవడం ప్రయాణికుడికి ఎన్నడూ వింతగా తోచదు. వింతగా తోచకుండా చూడడమే ఆ శాఖవారి పని.

ఖరగ్‌పూరు బెంగాలులోనిదే అయినా, దాని వీథులలో తెలుగు వినబడుతుంది. రైల్వే కర్మాగారంలో పని కోసం తరాల క్రితం వచ్చిన కుటుంబాలు అక్కడనే నిలిచిపోయినవి. ఫోర్‌మన్ బెంగాలీ అయినప్పటికీ, పానా అడగడానికి, టీ తెమ్మనడానికి, పనిచేసేవానిని మెచ్చుకోవడానికి చాలినంత తెలుగు ఆయనకు షెడ్డులోనే అబ్బినది. కోప్పడడానికి మాత్రం ఆయన హిందీ వాడేవాడట. తిట్టు ఎవరి మాతృభాషలోనూ ఉండకూడదని ఆయన అభిప్రాయం.

ఆయనకు ఒక అంబాసిడర్ కారు ఉన్నది. 1989లో ఒక కాంట్రాక్టరు వద్ద పాతబండిగా కొన్నాడు. ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014లో ఆ కార్ల తయారీ నిలిచిపోయినది గాని, ఆయన కారు నిలిచిపోలేదు. ఆ కారుకు బ్యాటరీ మార్చవలసి వచ్చినప్పుడెల్లా ఆయన స్వయంగానే మార్చుకొనేవాడు. పని చేసే ముందు గ్యారేజీ గడపలో గోనెసంచి పరిచేవాడు. కొడుకు చిన్నవాడుగా ఉన్నప్పుడు టార్చిలైటు పట్టుకొని పక్కనే నిలబడేవాడు. పని ముగిసిన తరువాత కొత్త బ్యాటరీ మీద తెల్లరంగుతో నెల, సంవత్సరం రాసేవాడు. ఆ విధంగా ఏడు బ్యాటరీలు మారినవి.

ఉద్యోగం విరమించిన సంవత్సరంలో బ్యాటరీ మార్చుతూ ఆయన ఒక మాట అన్నాడు: "దీన్ని ఎత్తి గూటిలో పెట్టలేని రోజున నేను స్టీరింగు ముట్టను." అరవైయేళ్ళ మనిషి అన్న ఆ మాటకు భార్యా, కొడుకూ నవ్వినారు. నవ్వుతూ అన్న మాటలే ఇళ్ళలో శాసనాలవుతాయి. ఆయన కారు నడపడం మంచిది కాదని కొడుకు బెంగుళూరునుండి ఎన్నిసార్లు టెలిఫోనులో వాదించినా, ఆయన సమాధానం ఒక్కటే: "బ్యాటరీ ఎత్తగలుగుతున్నాను కదా!" ఆ బ్యాటరీ బరువు పదిహేను కిలోలు.

2020 మార్చి 25న దేశమంతటా రాకపోకలు నిలిచిపోయినప్పుడు అంబాసిడర్ కూడా గ్యారేజీలో నిలిచిపోయినది. పనిలేని బ్యాటరీ విశ్రాంతి తీసుకుంటున్నదని సామాన్యులు అనుకుంటారు. నిజం అది కాదు. సీసపు బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను మెల్లగా ఖాళీ అవుతుంది. ఖాళీగా ఉంచితే దాని పలకల మీద సీసపు గంధకితం గట్టిపడి, తెల్లని పొరగా అంటుకుపోతుంది. ఆ తరువాత ఎంత విద్యుత్తు పంపినా ఆ భాగం మేలుకోదు. బ్యాటరీలను చలి చంపుతుందని శీతల దేశాల పుస్తకాలలో ఉంటుంది. మన దేశంలో చంపేది ఎండ. చలి ఆ చావును బయటపెడుతుంది, అంతే. ఈ సంగతులన్నీ ఫోర్‌మన్‌కు ఇతరులు చెప్పనక్కరలేదు. మొదటి రెండు నెలలు ఆదివారంనాడు పది నిమిషాలు ఇంజను నడిపినాడు. ఆ పది నిమిషాలు చాలవనీ, ఇంజను లేపడానికి పోయినది తిరిగి నిండాలంటే బండి కొంతదూరం రోడ్డు మీద నడవవలెననీ ఆయనకు తెలుసు. తరువాత అది కూడా మానివేసినాడు. తనకు బాగా తెలిసిన విషయంలోనే మనిషి అశ్రద్ధ చేస్తాడు కాబోలు. వైద్యులు తమ దగ్గును పట్టించుకోరు.

దుర్గాపూజలు గడిచి నవంబరు మొదటి వారం వచ్చినది. ఆయన భార్యకు నీటికాసుల జబ్బు. ఆ జబ్బులో కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపునాడి మెల్లగా నశిస్తుంది. చూపు అంచులనుండి తగ్గుతూ వస్తుంది. పోయినది మళ్ళీ రాదు. రోజూ చుక్కలు వేసుకుంటూ, కొన్ని నెలలకొకసారి ఒత్తిడి కొలిపించుకోవలెను. ఆమె చివరిసారి వైద్యుని వద్దకు పోయినది ఫిబ్రవరిలో. ఆ వైద్యుడు కంసావతి నదికి అవతల, మేదినీపూరులో ఉన్నాడు. లోకల్ రైళ్ళు మార్చినుండి తిరగడం లేదు. బస్సులో పోదామంటే రోగభయం. కొడుకు టాక్సీ పంపిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "మన బండి ఉండగా ఎవరి బండో ఎందుకు? మీరు నడపలేకపోతే అప్పుడు చూద్దాం" అన్నది. ఆ మాటలో చివరి సగం ఆయనకు నచ్చలేదు. మరునాడు ఉదయమే తాళంచెవి తీసుకొని గ్యారేజీకి పోయినాడు. 'టక్'మన్నది. మరేమీ కాలేదు.

ఆ రాత్రి పాత చార్జరుతో బ్యాటరీని నింపడానికి పెట్టినాడు. తెల్లవారిన తరువాత తీసి, రెండు గంటలు తాకకుండా ఉంచి, అప్పుడు మీటరుతో కొలిచినాడు. 10.5 వోల్టులు. ఆయన మీటరు పక్కన పెట్టి, ఇక రెండవసారి కొలవలేదు. కారు బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. ఒక్కొక్క గది 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరూ బాగుంటే 12.6. అందులో 2.1 తగ్గినదంటే ఒక గది పూర్తిగా చనిపోయినదన్నమాట. మిగిలిన అయిదూ బాగుండి ప్రయోజనం లేదు. అవి ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా ఉన్నవి. పెట్టె మీద తెల్లరంగుతో 'ఆగస్టు 2016' అని ఉన్నది.

గోల్‌బజారులోని దుకాణానికి టెలిఫోను చేసినాడు. మధ్యాహ్నానికి ఒక టోటో రిక్షా కొత్త బ్యాటరీని తెచ్చి గేటు లోపల సిమెంటు నేల మీద దించినది. పాతదానిని వెనక్కు తీసుకొనిపోవలసి ఉన్నది గనుక, టోటో నడిపే కుర్రవాడు గేటు బయటనే, ముఖానికి గుడ్డ కట్టుకొని కూర్చున్నాడు. వాడు తెలుగువాడు, వాని తాత కర్మాగారంలో పనిచేసినాడట.

పనికి పూనుకొనే ముందు చేతులకు ఏ లోహమూ ఉండకూడదు. గడియారం తీసివేయడం సులభం. కాని ఫోర్‌మన్ కుడిచేతి ఉంగరపు వేలికి ఒక పగడపు ఉంగరం ఉన్నది. 2011లో ఆయనకు గుండెనొప్పి వచ్చినప్పుడు భార్య ఎవరో జ్యోతిష్కుని సలహా మీద తొడిగించినది. ఆయనకు జ్యోతిషంలో నమ్మకం లేదు. భార్య భయంలో నమ్మకం ఉన్నది. 2016లో ఆ ఉంగరం కొంచెం తిప్పితే వచ్చినది. ఇప్పుడు కణుపు వాచి రాలేదు. సబ్బు రాసినాడు, రాలేదు. గుడ్డ చుట్టుకొని పని కానిద్దామా అన్న ఆలోచన కూడా వచ్చినది. అయితే షెడ్డులో ఆయనతో పనిచేసిన ఒక మనిషి జ్ఞాపకం వచ్చినాడు. అతని గడియారపు ఉక్కుపట్టీ ఒకనాడు బ్యాటరీ రెండు కొసలకూ తగిలినది. క్షణంలో అది ఎర్రబడినది. ఆ మనిషి బ్రతికినంతకాలం అతని మణికట్టు చుట్టూ గడియారపు పట్టీ ఆకారంలోనే మచ్చ ఉండేది.

పన్నెండు వోల్టులు మనిషిని చంపవు. తడిలేని చేతితో ముట్టుకుంటే తెలియను కూడా తెలియదు. అందుచేతనే చాలామంది దానిని చులకన చేస్తారు. అయితే ఇంట్లో అరవై వాట్ల దీపానికి పావు ఆంపియరు చాలగా, ఇంజనును లేపే మోటారుకు బ్యాటరీ ఒక్కసారిగా సుమారు రెండు వందల ఆంపియర్లు ఇస్తుంది. పానాకో ఉంగరానికో దారి దొరికితే అంతకుమించి కూడా ఇస్తుంది.

భార్య వంటింట్లోనుండి ఆవనూనె గిన్నె తెచ్చి, గడపలో కూర్చొని, ఆయన చేతిని తన ఒడిలో పెట్టుకొన్నది. వేలికి నూనె రాసి, తోలును వెనక్కు నొక్కుతూ, వెంట్రుకవాసి చొప్పున ఉంగరాన్ని జరిపినది. పావుగంట పట్టినది. ఆ పావుగంటలో వారిద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఉంగరం వచ్చిన తరువాత దానిని కొంగున ముడివేసుకొని, "సాయంత్రం మళ్ళీ పెట్టుకోవలె" అన్నది.

మొదట ఋణధ్రువపు తీగను విప్పవలెను. దీనికి కారణం తెలియనివారు దీనిని ఆచారంగా పాటిస్తారు. తెలిసినవారు భయంతో పాటిస్తారు. కారు శరీరమంతా ఋణధ్రువానికి కలిపి ఉంటుంది. ధనధ్రువాన్ని ముందు విప్పబోతే, పానా రెండవ కొస బానెట్‌కో, ఇంజనుకో తగిలిన క్షణాన బ్యాటరీలోని శక్తి అంతా ఆ పానా గుండా పోతుంది. ఋణధ్రువాన్ని ముందు విప్పినప్పుడు పానా శరీరానికి తగిలినా ఏమీ కాదు. అవి రెండూ ఎట్లాగూ ఒకటే. అది విప్పిన తరువాత ధనధ్రువం వద్ద పానా దేనికి తగిలినా విద్యుత్తుకు తిరుగుదారి ఉండదు. ఇంగ్లండులో చేసిన పాతకాలపు కార్లు కొన్నిటిలో శరీరాన్ని ధనధ్రువానికి కలిపేవారు. అక్కడ ఈ వరుస తలకిందులవుతుంది. కనుక వరుసను బట్టీపట్టకూడదు, శరీరం దేనికి కలిసి ఉన్నదో చూడవలెనని ఆయన షెడ్డులో కుర్రవాళ్ళకు చెప్పేవాడు.

ధ్రువాల మీద తెల్లగా, నీలంగా పొరలు కట్టిన చిలుము ఉన్నది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోసినాడు. బుసబుస పొంగి కారిపోయినది. బ్యాటరీని పట్టి ఉంచిన ఇనుపపట్టీ మరలు తుప్పుపట్టి కదలలేదు. కిరసనాయిలు పోసి కొంతసేపు ఆగవలసి వచ్చినది. ఆ విరామంలో కారు ముందుభాగాన ఉన్న రంధ్రం మీదికి ఆయన చూపు పోయినది. పూర్వం అందులో ఇనుప హ్యాండిలు దూర్చి, చేతితో తిప్పి ఇంజనును లేపేవారు. ఇంజను ఎదురుతన్నితే మణికట్టు విరిగేది. సీసపు బ్యాటరీని 1859లోనే ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసినప్పటికీ, ఆ మణికట్టులను కాపాడడానికి అర్ధశతాబ్దం పట్టినది. 1912 నమూనా కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టరును అమర్చిన తరువాతనే బ్యాటరీకి కారులో ఈ పని దొరికినది. ఫోర్‌మన్ వద్ద ఆ హ్యాండిలు ఇప్పటికీ అటక మీద ఉన్నది. దానిని దించే ప్రసక్తి లేదు. దానికి ముప్పైయేళ్ళ వాని భుజం కావలెను.

మరలు వదిలినవి. పాత బ్యాటరీని రెండు చేతులా పట్టి లేపినాడు. మొదటిసారి అది గూటిలోనుండి కదలలేదు. రెండవసారి కదిలినది. మూడవసారి బయటికి తీసి, గోనెసంచి పరిచిన మడ్‌గార్డు మీద ఆనించి, ఊపిరి తీసుకొని, మెల్లగా నేలకు దించినాడు. దించడం ఎత్తడంకంటె సులభం కాదు; నడుము ఆ సంగతి వెంటనే చెప్పినది. ఆయన నిటారుగా నిలబడడానికి కొంచెం వ్యవధి పట్టినది. వసారాలో భార్య బియ్యం ఏరుతున్నది. ఆమె చూపు అంచులలో తగ్గినమాట నిజమే గాని, చూడవలసినదంతా చూసినది. చూసి చేట వైపు తల వంచుకొన్నది.

ఇక కొత్తది. వెనుకటి బ్యాటరీల మీద ఆరు మూతలు ఉండేవి; స్వేదనజలం పోయడానికి, గాజుగొట్టంతో ఆమ్లసాంద్రత చూడడానికి అవి విప్పేవారు. ఇది అంతా మూసి ఉన్నది. పైన చిన్న పచ్చని కన్ను మాత్రం కనబడుతున్నది. తెరవడానికి వీలులేని వస్తువును ఆయన ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. వంగి, మోకాళ్ళు మడిచి, పెట్టెను ఒంటికి దగ్గరగా పట్టుకొని లేచినాడు. మోకాలి ఎత్తుకు వచ్చినది. బంపరు ఎత్తుకు వచ్చినది. అక్కడ ఆగిపోయినది. బ్యాటరీ మడ్‌గార్డు అంచును దాటవలెను. అది ఇంకొక జానెడు మాత్రమే. ఆ జానెడు ఆయన చేతులలో లేదు. కిందికి దించడానికి కూడా వీలుకాక, బంపరుకు ఆనించి పట్టుకొని నిలబడిపోయినాడు. మెడ నరాలు ఉబ్బినవి.

గేటు తెరచిన చప్పుడైనది.

"దూరంగా ఉండు బాబూ, రోగం రోజులు" అన్నాడు తెలుగులోనే, తల తిప్పకుండా.

"గుడ్డ కట్టుకున్నా కదా దాదూ" అంటూ కుర్రవాడు వచ్చి రెండవ వైపు పట్టుకొన్నాడు. "నా బండి సీటు కింద ఇట్లాంటివి నాలుగున్నాయి. ఒక్కణ్ణీ ఎప్పుడూ ఎత్తను. మా తమ్ముడు ఒకవైపు, నేను ఒకవైపు. ఇది ఒక్కడు ఎత్తే వస్తువా?"

ముప్పైయెనిమిది సంవత్సరాలు బ్యాటరీలతో గడిపినవానికి ఇరవైయేళ్ళ కుర్రవాడు ఆ మాట చెప్పవలసి వచ్చినది. షెడ్డులో కూడా పెద్ద పెట్టెలను ఎవరూ ఒంటరిగా ఎత్తేవారు కారు. ఇద్దరు ఉండవలెనని ఫోర్‌మన్‌గా ఆయనే కట్టడి చేసినాడు. తన ఇంటి గ్యారేజీకి ఆ కట్టడి ఎందుకు వర్తించలేదో ఆయనకే తెలియవలెను. బ్యాటరీ మడ్‌గార్డు దాటి గూటిలో కూర్చున్నది.

మిగిలిన పని ఆయన ఒక్కడే చేసినాడు. ఈసారి ధనధ్రువం ముందు, ఋణధ్రువం చివర. చివరి తీగ తగిలినప్పుడు చిన్న నిప్పురవ్వ మెరిసినది. మరలు బిగించి, ధ్రువాలకు వ్యాజిలిన్ పూసి, తెల్లరంగు డబ్బా తెచ్చి 'నవంబరు 2020' అని రాసినాడు. అక్షరాలు కొంచెం వంకరపోయినవి.

కుర్రవాడు పాత బ్యాటరీని టోటోలోకి ఎక్కిస్తూ, "బయట ఇస్తే దుకాణంవాడికంటె ఎక్కువ ఇస్తారు దాదూ. మీకే లాభం" అన్నాడు. వాడు చెప్పినది అబద్ధం కాదు. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. సీసానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అమ్మినవాడే పాతదానిని తిరిగి తీసుకోవలెనని 2001లో నిబంధనలు వచ్చినవి. 2022లో వాటి స్థానంలో కొత్తవి వచ్చినవి. అయినా పెరటిలో బ్యాటరీలు పగులగొట్టి, ఆమ్లం మురుగులో పారబోసి, పలకలను మూకుళ్ళలో కరిగించేవారు ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉన్నారు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో, అనగా సుమారు 80 కోట్ల మందిలో, సీసం ఆందోళన కలిగించే మోతాదులో ఉన్నదని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020 జూలైలో ప్రకటించినవి; అందుకు ముఖ్యమైన కారణాలలో ఈ పెరటి కొలిమి ఒకటి. ఫోర్‌మన్ ఇవేమీ కుర్రవానికి చెప్పలేదు. "మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగినాడు. ఉన్నారన్నాడు వాడు. "అయితే దుకాణానికే ఇవ్వు. రసీదు తెచ్చి చూపించు. ఆ ఎక్కువ డబ్బు నేనిస్తాను." వాడు రసీదు తెచ్చినాడు, డబ్బు తీసుకోలేదు.

మరునాడు ఉదయం దంపతులిద్దరూ మేదినీపూరుకు బయలుదేరినారు. తాళంచెవి తిప్పగానే ఇంజను లేచినది. కంసావతి వంతెన మీద బండిని నిదానంగా నడిపినాడు. వెనుకవారు హారను మోగించినా త్వరపడలేదు. వైద్యశాలలో రోగిని మాత్రమే లోపలికి రానిచ్చినారు. ఆయన బయట చెట్టుకింద కారులోనే కూర్చున్నాడు. గంటన్నర తరువాత ఆమె తిరిగి వచ్చినది. ఎడమకంటిలో ఒత్తిడి పెరిగినదట, మందు మార్చినారు. మూడు వారాలలో మళ్ళీ రావలెనట.

"మూడు వారాలా?" అన్నాడు.

"మూడు వారాలే. ఆలస్యం చేయవద్దన్నారు."

ఆ సాయంత్రం కొడుకు టెలిఫోను చేసినాడు. తల్లి కంటి సంగతి వివరంగా విన్నాడు; మందు పేరు రాసుకొన్నాడు. కారు ఎట్లా బాగుపడినదని అడిగినప్పుడు, కొత్త బ్యాటరీ వేసినామని తండ్రి చెప్పినాడు. అవతల కొంచెంసేపు మాట వినబడలేదు. చిన్నప్పుడు టార్చిలైటు పట్టినవాడు. ఏది అడగవలెనో వానికి తెలుసు.

"ఎవరు ఎత్తారు, నాన్నా?"

ఫోర్‌మన్ కుడిచేతి వేలి వైపు చూసుకొన్నాడు. ఉంగరం ఇంకా భార్య కొంగుముడిలోనే ఉన్నది.

"ఇద్దరం ఎత్తాం" అని, టెలిఫోను ఆమె చేతికిచ్చినాడు.